సంచుల్లా వేలాడిన మేఘాలు తుఫానుకు సూచన కావు

ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్న మన తెలుగు కుటుంబాల ఫోన్లలో ఈ వేసవిలో ఒక ఫోటో, దానికి జోడించిన ఒక సందేశం విస్తృతంగా తిరుగుతున్నాయి. ఆకాశం నిండా నేరేడు రంగు సంచులు తలకిందులుగా వేలాడుతున్నట్లు మేఘాలు కనిపించే ఆ ఫోటో కింద ఐదు మాటలున్నాయి. ఇటువంటి మేఘాలు పూర్వం లేవని, విమానాలు చల్లిన రసాయనాలే వీటికి కారణమని మొదటిది. ఇవి కనిపించిన రెండు రోజుల్లో తిత్లీ వంటి తుఫాను వస్తుందని రెండవది. వాన వెలిశాక పిడుగు భయం ఉండదని, సెల్‌ఫోను పిడుగును ఆకర్షిస్తుంది కనుక దానిని ఆపివేయాలని, పిడుగు తాకిన మనిషిని ముట్టుకోకుండా మెడ వరకు పేడలో పూడ్చాలని మిగిలినవి. పర్లాకిమిడిలో మా ఇంటి కిటికీ నుంచి అటువంటి మేఘాలను నేనూ చూశాను కనుక, ఒక్కొక్క మాటకూ సమాధానం చెప్పవలసిన బాధ్యత ఉందనుకుంటున్నాను.

ఈ మేఘాలు కొత్తవి కావు. వీటిని శాస్త్రవేత్తలు మమ్మాటస్ అంటారు, పంతొమ్మిదో శతాబ్దపు వాతావరణ గ్రంథాలలోనే వీటి వర్ణన ఉంది. వేసవి మధ్యాహ్నాలలో లోపలి కొండల మీద కాగిన పొడి గాలి, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి కలిసినప్పుడు, ఒడియావారు కాలబైశాఖి అని పిలిచే గాలివాన పుడుతుంది. ఆ మేఘం మన ప్రాంతంలో పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు కూడా పెరగగలదు. ఇక పైకి పోలేని చోట దాని తల కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుంటుంది. మంచు రేణువులతో బరువెక్కిన గాలి ఆ పరుపు అడుగు నుంచి కిందనున్న పొడి గాలిలోకి దిగుతుంది, ఆ రేణువులు ఆవిరవుతూ గాలిని మరింత చల్లబరుస్తాయి, చల్లబడిన గాలి ఇంకా కిందికి జారుతుంది. మనకు సంచులుగా కనిపించేవి అలా జారుతున్న గాలి ముద్దలే. గుణుపురం వైపు నుంచి వచ్చిన గాలివాన మమ్మల్ని దాటి సముద్రం దిక్కుకు పోయాక, పడమటి ఎండ ఏటవాలుగా పడి మహేంద్రగిరి మీది ఆ సంచులన్నీ ఒక్కసారిగా రాగి రంగుకు తిరిగాయి. అంత అందమైన దృశ్యాన్ని రసాయనాల కుట్రగా చూపి పిల్లలను భయపెట్టడం నాకు నిజంగా బాధ కలిగించింది.

రెండవ మాట మన గాయం మీదనే చేయి వేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటిన తెల్లవారుజామును గజపతిలో గాని, కొబ్బరి తోటలు నేలకొరిగిన ఉద్దానంలో గాని ఎవరూ మరచిపోలేదు. అయితే తుఫాను సముద్రం మీద రోజుల తరబడి బలపడుతుంది, దాని గమనాన్ని భారత వాతావరణ శాఖ ముందుగానే ప్రకటిస్తూ ఉంటుంది. గాలివాన మేఘం మాత్రం గంట, రెండు గంటలలో పుట్టి కరిగిపోతుంది. మమ్మాటస్ చెప్పేదల్లా దగ్గరలో ఒక బలమైన ఉరుముల మేఘం ఉందనో, ఇప్పుడే దాటిపోయిందనో మాత్రమే.

ఆ మేఘం దగ్గరలో ఉండగా వాన వెలిసిందని ధీమాగా బయటికి రావడమే అసలు ప్రమాదం. వాన పడుతున్న చోటికి పది కిలోమీటర్లకు పైగా దూరంలో కూడా పిడుగు పడగలదు. ఆఖరి ఉరుము విన్న తరువాత 30 నిమిషాలు ఇంట్లోనే ఉండాలి. ఆ సేపు కుళాయి కింద స్నానం చేయడం, ప్లగ్గులో ఉన్న తీగలను తాకడం, అరుగు మీద నిలబడి మేఘాలను చూడటం మానాలి. మూసిన కిటికీ వెనుక నుంచి చూడవచ్చు.

ఐదవ మాట ప్రాణాలు తీసేది కనుక దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పిడుగు విద్యుత్తు సెకనులో అతి చిన్న భాగంలో శరీరాన్ని దాటిపోతుంది, లోపల నిలవ ఉండదు, ఆ మనిషిని వెంటనే ముట్టుకోవచ్చు. పిడుగుపాటు మరణాలకు ముఖ్య కారణం గుండె, ఊపిరి ఆగిపోవడమే. పేడ తెచ్చి గొయ్యి తవ్వే లోపల మెదడుకు ప్రాణవాయువు అందక చేజారిపోయే మనిషిని, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కుతూ, నేర్చినవారుంటే నోటితో ఊపిరి కూడా అందిస్తే, బతికించుకునే అవకాశం ఉంది. దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే పిడుగులు 2,887 మందిని బలిగొన్నట్లు జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఒడిశా ప్రభుత్వం పిడుగుపాటును 2015లోనే రాష్ట్ర విపత్తుగా గుర్తించింది.

చేతిలోని సెల్‌ఫోను పిడుగును పిలవదు. పిడుగు ఎక్కువగా ఎత్తైనవాటి మీద, ఒంటరిగా నిలిచినవాటి మీద పడుతుంది. పొలం మధ్యలోని తాటిచెట్టు, ఖాళీ మైదానంలో నిలబడిన మనిషి అటువంటివే. ఛార్జరుకు తగిలించిన ఫోనును, తీగ ఉన్న ఫోనును మాత్రం ఆ సమయంలో వాడకూడదు. చేతి ఫోనును ఆపివేస్తే పూణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ పిడుగు హెచ్చరిక మనకు అందదు, పక్కింటివారు కుప్పకూలినప్పుడు 108కు చేయవలసిన పిలుపూ ఆలస్యమవుతుంది.