లైబ్రేరియన్ పోస్టు తీసేసి ట్యాబ్‌లు కొంటే సరిపోదు

లైబ్రేరియన్ రిటైరైతే ఆ పోస్టు నింపకుండా, ఆ డబ్బుతో ట్యాబ్‌లు కొందామనుకునే స్కూలు యాజమాన్యాలున్నాయి. 'అంతా నెట్‌లోనే ఉంది కదా' అన్నది వాదన. ఉన్నమాట నిజమే. పిల్లలు దాన్ని వెతికి పట్టుకోగలరా?

చెన్నైలోని తెలుగు పిల్లలనే తీసుకోండి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చాలామందికి బడిలో ఇంగ్లిషు. 2006 నాటి చట్టంతో దశలవారీగా తమిళం తప్పనిసరి అయ్యాక, తెలుగు చదవడం చాలా ఇళ్లలో తల్లిదండ్రుల పట్టుదల మీదే నిలిచింది. అలాంటి పిల్లకు పాత తెలుగు కథల పుస్తకం కావాలనుకుందాం. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. కానీ చాలావాటి పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించినవే. దీర్ఘానికి ఒకచోట రెండు 'ఏ'లు, ఇంకోచోట ఒక్కటే. 'శ'కు ఒకరు 'ఎస్', మరొకరు 'ఎస్‌హెచ్'. తెలుగులో టైప్ చేస్తే రాని పుస్తకం మూడో స్పెల్లింగుకు బయటపడుతుంది. ఈ తిరకాసు తెలిసిన మనిషి పక్కన కూర్చుని చూపించాలి. లేదా బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో, ఆ పిల్ల చదవగలిగే స్థాయి తెలుగు కథ తీసివ్వాలి. అది ఉచితమే, కానీ ఉందని చెప్పేవాళ్లుండాలి.

మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చేయమన్నది. అప్పుడు పుస్తకం దొరక్క సమయం పోయేది. ఇప్పుడు కుప్పలుగా దొరికి పోతోంది.

చాట్‌బాట్‌లతో చిక్కు ఇంకా ముదిరింది. మద్రాసు తెలుగువారి చరిత్ర మీద పుస్తకాలు చెప్పమంటే, అసలు లేని పుస్తకానికి కూడా రచయిత పేరు, సంవత్సరం జోడించి ఇచ్చేయగలవు. ఏడో తరగతి పిల్లాడు వాటిని ప్రాజెక్టులో ఎక్కించేస్తాడు. లైబ్రేరియన్ ఆ పేరును చెన్నైలోని కన్నెమరా పబ్లిక్ లైబ్రరీ కేటలాగులో వెతికించవచ్చు. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకమూ ఒక కాపీ అక్కడికి చేరాలి. అక్కడ కనబడలేదంటే వెంటనే అబద్ధమని కాదు, అనుమానించి మరో రెండుచోట్ల చూడాలని. ఇంత ముఖ్యమైన పాఠం ఏ సిలబస్‌లో ఉందో నాకు కనబడదు. కంప్యూటర్ టీచరుకు ఆయన పోర్షనే సరిపోతుంది.

నా దృష్టిలో లైబ్రేరియన్ ఇప్పుడు టీచరే. జీతంలోనూ టైంటేబుల్‌లోనూ అలాగే చూడాలి. లైబ్రరీ పీరియడ్‌ను లెక్కల సారుకు ధారపోయడం, లైబ్రేరియన్‌ను ఆఫీసు పనికి పంపడం ముందు ఆగాలి. ఫీజులో లైబ్రరీ పేరిట కడుతున్న తల్లిదండ్రులు వచ్చే పేరెంట్స్ మీటింగులోనే అడగాలి: వారానికి ఎన్ని లైబ్రరీ పీరియడ్లు నిజంగా జరుగుతున్నాయి, వాటిలో పిల్లలకు ఏం నేర్పుతున్నారు?