సెట్టు గారూ, కాస్త సర్దుకుంటారా?

ఇంగ్లీషు నుంచి వచ్చి మా నోళ్ళలో స్థిరపడిన మాట, మహారాజశ్రీ సెట్టు గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, మా ఇంట్లో పొద్దున లేచింది మొదలు మీ గొంతే వినపడుతోంది.

అసలు సంగతికి వస్తాను. మొన్న చలికాలంలో మా ఇంట్లో పెరుగు తోడుకోవడం మానేసింది. తోడు వేసినా పొద్దునకి పాలు పాలలాగే ఉండేవి. చివరికి అమ్మ ఎవరో చెప్పారని గోరువెచ్చని పాలల్లో తొడిమలతో సహా ఎండుమిరపకాయలు వేసి, గిన్నెకు తువ్వాలు చుట్టి, బియ్యం డబ్బాలో దాచింది. మర్నాడు ఆ గిన్నె మూత తీసి చూస్తుండగా కాకినాడ నుంచి పిన్ని ఫోను.

"ఏమక్కా, సెట్ అయిందా?"

"ఆఁ, అయింది. నాలుగు మిరపకాయలు పెడితేగానీ సెట్ కాలేదు."

"పోన్లే, ఈ రోజుల్లో అవీ అవసరమే. ఎలా ఉంది?"

"గట్టిగానే ఉంది. కాస్త పులుపు ఎక్కువ. మీ బావగారికి పులుపు పడదు కదా, అప్పుడే సణుగుడు మొదలెట్టారు."

"అలవాటు పడతార్లే అక్కా."

పిన్ని అడిగింది మా తమ్ముడి పెళ్ళి సంబంధం సంగతి. అమ్మ చెప్పింది పెరుగు సంగతి. మిరపకాయలంటే దిష్టి తీశారనుకుంది పిన్ని. సాయంత్రానికి రాజమండ్రి దాకా బంధువులందరికీ తెలిసిపోయింది: సంబంధం ఖాయమైంది, అమ్మాయి గట్టిది, కొంచెం పులుపు, మామగారికి అప్పుడే పడటం లేదు.

ఇందులో అమ్మ తప్పేముంది, పిన్ని తప్పేముంది? మా అమ్మమ్మ అయితే "కుదిరిందా?" అని అడిగేది. పెరుగు గురించైతే "తోడుకుందా?" అనేది. ఈ రెంటినీ కలిపేద్దామన్నా కలవవు. మీరు రాకముందు మాకు సంబంధం కుదిరేది, చొక్కా నప్పేది, కొత్త ఊరి నీళ్ళు పడేవి, విరిగిన ఎముక అతికేది, పోసిన శ్లాబు గట్టిపడేది, ఉద్యోగంలో చేరిన కుర్రాడు నాలుగు నెలలకు కుదురుకునేవాడు. ఇప్పుడు అన్నిటికీ మీరే. పెళ్ళి పంక్తిలో గిన్నెకో గరిటె ఉంటుంది కదా, అలా ఉండేది మా భాష. ఇప్పుడు సాంబార్లో ముంచిన గరిటెనే పాయసంలోనూ ముంచుతున్నాం. ఆ గరిటె తమరు.

మీ సొంతూళ్ళో మీ హోదా ఏమిటో తెలియక మాట్లాడటం లేదు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండో కూర్పు 20 సంపుటాలు. అందులో మీ ఒక్కరికే 430 అర్థాలు లెక్కగట్టారు. సూర్యుడు అస్తమించినా మీరే, అలారం పెట్టినా మీరే, ఉంగరంలో రాయి పొదిగినా, ఎలుకకి బోను పెట్టినా, అచ్చు అక్షరాలు పేర్చినా మీరే. తర్వాత 'రన్' గారు 645 అర్థాలతో మిమ్మల్ని దాటి పరుగెత్తారని విని బాధపడ్డాను. పేరుకు తగ్గట్టే పరుగెత్తారు లెండి.

మీ పుట్టుపూర్వోత్తరాలూ చూశాను. అక్కడ మీరు 'సిట్'కు దగ్గరి చుట్టం. అది కూర్చుంటుంది, మీరు కూర్చోబెడతారు. ఆ మాత్రం మాకూ ఉంది, 'కూర్చోబెట్టు' అనే అంటాం. ఇక గిన్నెల సెట్టు, నగల సెట్టు అనేటప్పుడు వచ్చే మీరు అసలు ఆ మీరే కాదట. లాటిన్లో బయల్దేరి ఫ్రెంచి వాళ్ళ ఇంటి మీదుగా వచ్చిన ఇంకొకరట. అంటే ఇద్దరు మనుషులు ఒకే ఆధార్ కార్డు మీద తిరుగుతున్నారన్నమాట. చిన్నప్పుడు బళ్ళో "గో, వెంట్, గాన్" అని వల్లించి వల్లించి నోరు నొప్పెట్టాక "సెట్, సెట్, సెట్" వస్తే ప్రాణం లేచొచ్చేది. మీరొక్కరే నిన్నా నేడూ ఒకేలా ఉండే మనిషి అనుకున్నాను. ఇద్దరని అప్పుడు తెలియదు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. మాకూ 'పెట్టు' ఉంది, అదీ తక్కువదేం కాదు. అన్నం పెడతాం, ఆవకాయ పెడతాం, పేరు పెడతాం, పేచీ పెడతాం, ముహూర్తం పెడతాం, ముద్దు పెడతాం. కానీ చూడండి, అది ఒంటరిగా తిరగదు. పక్కన ఎప్పుడూ ఒక తోడు ఉంటుంది, ఏం పెట్టామో చెప్పడానికి. మీరో, ఒంటరిగా వచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు. "సెట్ అయింది." ఏమిటయ్యా అయింది? అది అవతలివాడు ఊహించుకోవాలి. పైగా "అతను నాకు సెట్ అవ్వడు" అన్న వాక్యాన్ని లండన్ వీధిలో ఇంగ్లీషు చేసి చెబితే మిమ్మల్ని కన్నవాళ్ళకే అర్థం కాదు. ఆ 431వ అర్థం మేం పుట్టించింది. దానికి మాకేమైనా ముడుతుందా?

మీరు ఒద్దికగా ఉన్నది నాకు తెలిసి ఒక్క చోటే, సిమెంటు దగ్గర. మామూలు సిమెంటు 30 నిమిషాలకు ముందు సెట్ అవ్వడం మొదలుపెట్టకూడదు, 10 గంటలు దాటకుండా పూర్తవ్వాలని మన దేశపు ప్రమాణాల్లో రాసి ఉంది. ఎంత హాయి! పెళ్ళి సంబంధాలకూ ఇలాంటి గడువొకటి ఉంటే మా నాన్నకు బీపీ మాత్ర తగ్గేది.

ఆ నాన్నే ఒకసారి ఇంటి ప్లాను పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్ళారు. అక్కడి కుర్రాడు కాగితాలు తిరగేసి "సెట్‌బ్యాక్ ఉందాండీ?" అన్నాడు. గోడకీ హద్దుకీ మధ్య వదలాల్సిన ఖాళీ జాగా గురించి అడిగాడు పాపం. నాన్న ఎదురుదెబ్బల సంగతి అనుకుని నిట్టూర్చి, "ఒకటా రెండా బాబూ, చిట్టీలోనే రెండుసార్లు మునిగాం" అన్నారట.

ఎంసెట్, ఐసెట్, లాసెట్, పాలీసెట్‌ల జోలికి పోను. అవి పరీక్షల పొడి అక్షరాలు, మీకు చుట్టరికం లేదని తెలుసు. అయినా మెడిసిన్ నీట్‌కి వెళ్ళిపోయి ఎంసెట్ కాస్తా ఈఏపీసెట్ అయినప్పుడు, మధ్యలో అక్షరం పోయినా చివర మీ పోలిక మాత్రం కదల్లేదు. నాకు అనుమానం ఊరికే రాలేదు.

ఇంతకీ తమ్ముడి సంబంధం. పిన్ని పుణ్యమా అని అభినందనల ఫోన్లన్నీ వచ్చాక, నిన్న రాత్రి ఆ అమ్మాయే తమ్ముడికి మెసేజ్ పెట్టింది: "బాగా ఆలోచించానండీ, నాకు సెట్ అవ్వదేమో."

ఏది? తమ్ముడా, హైదరాబాదా, మాఘమాసం ముహూర్తమా, అమ్మ పంపిన ఆకుపచ్చ జాకెట్టా? ఇంటిల్లిపాదీ ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. నాన్న ఊరంటున్నారు. అమ్మకు జాకెట్టు మీద ఆశ ఉంది, టైలర్ని కూడా పిలిపించింది. తమ్ముడు ఏమీ అనడం లేదు.

430లో ఆ మెసేజ్‌లో ఉన్న మీరు ఎన్నో నంబరువారో తిరుగు టపాలో తెలియజేయ ప్రార్థన. టైలరు వరండాలో కూర్చుని ఉన్నాడు.

ఇట్లు,
పుల్ల పెరుగు వారి పెద్దబ్బాయి