కుళాయి తిప్పితే వచ్చేది కరెంటే

నిన్న పొద్దున మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. కరెంటు పోయి మూడు గంటలైంది, పైట్యాంకు ఖాళీ. జనరేటర్‌కి మెట్ల లైట్లు తప్ప లిఫ్టూ మోటార్లూ కలపలేదు. "తిరుపతిలో నీళ్ల కరువు మళ్లీ మొదలైంది" అని ఒకాయన తీర్పు కూడా ఇచ్చేశాడు. సంపు మూత తీసి చూస్తే మోకాలి లోతు నీళ్లున్నాయి! కరువు నీళ్లకి కాదు, వాటిని పైకెక్కించే దిక్కుకి. ఇరవై లీటర్ల క్యాను నింపుకుని నాలుగో అంతస్తుకి మోశాను. మూడో ట్రిప్పుకి మోకాళ్లు చెప్పాయి, రోజూ మన కోసం కరెంటు ఎంత కూలిపని చేస్తోందో.

పాకాల దగ్గర మా మామకి ఈ లెక్క ఎప్పుడో తెలుసు. ఆయన చిన్నప్పుడు ముప్పై అడుగుల బావి, ఎద్దులు లాగే కపిలతో తోడేవాళ్లు. ఇప్పుడు వెయ్యి అడుగుల బోరు, మోటారు 900 అడుగుల దగ్గర వేలాడుతోంది, నీటిమట్టం దానికి కాస్త పైన. పోయిన ఎండాకాలం అది కాలిపోతే నలభై అయిదు పైపులు ఒక్కొక్కటే విప్పి పైకి లాగారు, నేనూ పక్కనే ఉన్నా. చివరి పైపు బయటికొచ్చేసరికి చీకటి పడింది. "నీళ్లుండాయా అని అడగద్దురా, కరెంటు ఉండాదా అని అడుగు" అన్నాడు, చేతికంటిన గ్రీజు తువ్వాలుకి తుడుచుకుంటా.

లెక్క వేసి చూడండి. వెయ్యి లీటర్ల నీళ్లు ముప్పై అడుగుల నుంచి తోడటానికి పదో వంతు యూనిట్ కూడా పట్టదు. అదే 900 అడుగుల నుంచి అయితే, మోటారులో, పైపుల్లో పోయేది కూడా కలిపితే దాదాపు 2 యూనిట్లు. సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేయడానికి వెయ్యి లీటర్లకి 3 నుంచి 4 యూనిట్లు పడుతుంది, చెన్నై పక్కన నెమ్మేలిలో చేసేది అదే. అంటే మా మామ టమాటా తోటకి, సముద్రాన్ని శుద్ధి చేసే ఖర్చులో సగం కరెంటు పోసి నీళ్లు పెడుతున్నాడు. ఆయనకి బిల్లు రాదు కాబట్టి తెలియదు, మనకీ తెలియదు.

ఉచిత కరెంటు తీసేయమని నేననట్లేదు, కొట్టకండి. 2004 నుంచి ఉంది, అది లేకపోతే ఇక్కడ సగం మంది రైతులు ఎప్పుడో బెంగళూరు బస్సెక్కేవాళ్లు. నా కోపమంతా ఆటో స్టార్టర్ మీద. మోటార్లు నడిపే త్రీఫేజ్ కరెంటు వచ్చిందంటే టక్‌మని మోటారు ఆన్, మడి తడిసిందా లేదా ఎవడికీ పట్టదు. అందరివీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ పేలుతుంది, వోల్టేజీ పడిపోయి మోటారు కాలుతుంది, అటు నీటిమట్టం ఇంకో పది అడుగులు దిగుతుంది. దిగిన ప్రతి అడుగుకీ మళ్లీ కరెంటు. సోలార్ పంపు పెడితే కరెంటు బాధ తీరుతుందేమో, నీటిమట్టం బాధ తీరదు. ఎండ కూడా ఉచితమే కదా, పొద్దస్తమానం తోడతారు.

ఇంకో తమాషా, కరెంటుకి కూడా దాహం ఎక్కువే. కేంద్ర పర్యావరణ శాఖ 2015లో పెట్టిన నిబంధన ప్రకారం పాత బొగ్గు కేంద్రాలు యూనిట్‌కి మూడున్నర లీటర్ల దాకా నీళ్లు వాడుకోవచ్చు. మన కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రం 1650 మెగావాట్లు. అన్నీ పూర్తిగా తిరిగితే ఆ లెక్కన గంటకి 50 లక్షల లీటర్ల పైనే. అదీ సీమలో!

పెద్ద ప్రాజెక్టులదీ ఇదే కథ. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు కుప్పం చేరాయి. సంతోషమే, నేనూ ఆ వీడియో చూసి కళ్లు తుడుచుకున్నా. కానీ శ్రీశైలంలో కిందికి దూకితే కరెంటు ఇచ్చే నీళ్లని, మనం మల్యాల దగ్గర నుంచి మెట్టు మెట్టుగా పంపులతో ఎత్తుకొస్తున్నాం. కరెంటు రెండు వైపులా పోతోంది. సరే, తప్పదు, తాగాలి కదా. మరి అంత ఖర్చు పెట్టి తెచ్చిన చోట, ఆకాశం ఊరికే ఇచ్చే నీళ్లని ఎందుకు వదిలేస్తున్నాం? మా చిత్తూరు ప్రాంతం అనంతపురంలా కాదు, ఇక్కడ ఏడాదికి దాదాపు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో కార్లు తేలాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమో అని ఊళ్లు ఖాళీ చేయించారు. విజయనగర కాలం నాటి చెరువు అది. వాన నీళ్లని ఆపి, ఒక్క యూనిట్ ఖర్చు లేకుండా కాలువలో పొలాలకి పంపడమే దాని పని. తిరుమల కొండ మీద చూడండి, గోగర్భం, పాపవినాశనం, కుమారధార, పసుపుధార డ్యాములు కట్టి వాన నీళ్లని పడిన ఎత్తులోనే ఆపారు, కింద నుంచి ఎక్కించే భారం ఆ మేరకి తగ్గింది. కింద మనం మాత్రం చెరువుకొచ్చే వంకల్లో ప్లాట్లు వేసి, ఆ ప్లాట్లలో బోర్లు వేసి, ఆ బోర్లు ఎండితే ట్యాంకర్లు పిలుస్తాం.

ఈ ఆదివారం మా అసోసియేషన్ మీటింగ్. రెండో బోరు వేయాలట, పాయింటు చూడటానికి కొబ్బరికాయ పట్టుకుని ఒకాయన వస్తాడట. డాబా మీది వాన పైపు తిన్నగా డ్రైనేజీలోకి ఎందుకు దిగుతోందని అడుగుతా. దాన్ని ఎండిన పాత బోరు పక్కన గుంతలోకి మళ్లించడానికి నా వాటా ఎంతైనా ముందే ఇస్తా. ఒప్పుకోకపోతే క్యాన్లు ఉన్నాయి, మెట్లు ఉన్నాయి, ఈసారి ప్రెసిడెంటు గారు మోస్తారు.