ఇంటి కత్తెర

వీసీపీ (వీడియో క్యాసెట్ ప్లేయర్) అద్దెకు తెచ్చుకుని రాత్రంతా మూడు సినిమాలు చూసిన రోజుల్లో హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు సెన్సార్ బోర్డు అంటే నాన్నగారే. డెక్ పక్కనే కూర్చుని, వాన పాట మొదలవగానే ఫార్వర్డ్ నొక్కేవారు. తెర నిండా గీతలు పడుతుంటే హీరో హీరోయిన్లు గబగబా తడిసి గబగబా వెళ్లిపోయేవారు. పిల్లలకు కథేమీ తప్పిపోయేది కాదు. నాన్నగారు ఏ ముక్క దాటించారో మాత్రం బాగా గుర్తుండేది.

ఇప్పుడా పని లాప్‌టాప్ మీదికి మారింది. కొనుక్కున్న డీవీడీని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసి, రెండు సీన్లు కోసి, నాలుగు బూతులు మ్యూట్ చేసి, అమ్మమ్మ నుంచి ఎనిమిదేళ్ల మనవరాలి దాకా కలిసి కూర్చునే కాపీ చేసుకునేవాళ్లున్నారు. అసలు ఫైలును ముట్టుకోని పద్ధతి కూడా ఉంది. ఎన్నో సెకనులో దాటేయాలో, ఎక్కడ మాట వినపడకూడదో ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రాసిపెడితే, కోడి అనే ప్లేయర్ (పేరు చూసి నవ్వకండి, పనిమంతురాలే) దాని ప్రకారం సినిమా నడిపిస్తుంది. సినిమా చెక్కుచెదరదు.

ఇది తప్పా అంటే, కాదనే మా ఉద్దేశం. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ సొంత వాడకానికి సముచితంగా చేసుకునే పనులను ఉల్లంఘనగా చూడదు. 57వ సెక్షన్ రచయితకు తన కృతిని వికృతం చేయకుండా అడ్డుకునే హక్కు ఇస్తుంది కానీ, అది ఆయన గౌరవానికి భంగం కలిగినప్పటి మాట. మన హాల్లో నలుగురం ఒక సీను దాటేస్తే ఏ దర్శకుడి పరువూ పోదు. అయితే ఆ కాపీని ఇంకొకరికి అమ్మినా, కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టినా కథ మారిపోతుంది. మొదటి కాపీయే పైరసీది అయితే ‘కుటుంబం కోసం’ అనే మాటకు అసలు విలువే లేదు. దొంగ సరుకును కడిగి వాడుకున్నా దొంగ సరుకే.

అమెరికా ఈ గొడవంతా మనకన్నా ముందే పడింది. 1998లో యూటా రాష్ట్రంలో ఒక వీడియో షాపువాళ్లు, జనం కొనుక్కున్న టైటానిక్ క్యాసెట్లు తీసుకుని 5 డాలర్లకు అభ్యంతరకరమైన ముక్కలు కత్తిరించి ఇచ్చారు. తర్వాత క్లీన్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు కోసిన డీవీడీలతో వ్యాపారమే పెట్టాయి. 2005లో వచ్చిన ఫ్యామిలీ మూవీ యాక్ట్ ఇంట్లోవాళ్లు తాము కోరుకున్న ముక్కలను దాటేసుకోవచ్చని ఒప్పుకుంది, మార్చిన కాపీని మాత్రం శాశ్వతంగా తయారు చేయకూడదంది. మరుసటి ఏడాదే కొలరాడోలోని ఫెడరల్ కోర్టు క్లీన్‌ఫ్లిక్స్ తరహా వ్యాపారం చెల్లదని తేల్చింది. డిస్కుల నుంచి సినిమాలు ఎక్కించుకుని వడపోసి స్ట్రీమ్ చేసిన విడ్‌ఏంజెల్ సంస్థకు 2019లో జ్యూరీ వేసిన పరిహారం 6.24 కోట్ల డాలర్లు. అక్కడి గీత తేటగా ఉంది: రిమోట్ మీ చేతిలో ఉన్నంతవరకు మీ ఇష్టం, కోసిన సరుకు అంగట్లో పెడితే కాదు. మన చట్టంలో ఇంత విడమరిచి రాసిన మాట లేదు. ఉండాలి.

కళాఖండం మీద కత్తెర పడితే గుండె తరుక్కుపోతుందని పరిశ్రమ పెద్దలు అంటే మాకు కొంచెం నవ్వొస్తుంది. శుక్రవారం ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్‌లో మార్నింగ్ షో టాక్ ‘సెకండాఫ్ ల్యాగ్’ అని వస్తే, సోమవారానికల్లా పావుగంట ట్రిమ్ చేసి పోస్టర్ వేసేది వాళ్లే. 2025లో ‘రాంఝణా’ తమిళ వెర్షన్‌కు ఏఐతో క్లైమాక్సే మార్చి మళ్లీ విడుదల చేసిందీ, దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్ అభ్యంతరం చెప్పినా ఆగనిదీ నిర్మాణ సంస్థే. ఊరందరికీ చూపించే కాపీని అంత సులువుగా మార్చేవాళ్లు, ఒక ఇంట్లో దాటేసిన సీను గురించి బాధపడనక్కర్లేదు.

అలాగని ఇంటి కత్తెరంతా సవ్యంగానే పడుతోందనీ అనలేం. అది ఎక్కువగా పడేది ముద్దు మీద, బట్టల మీద. విలన్ తల తెగి ఎగిరిపడే ఫైట్‌ను పిల్లలు అన్నం తింటూ చూస్తారు, ఎవరూ రిమోట్ ముట్టుకోరు. అమ్మాయి వద్దంటున్నా వెంటపడి విసిగించే హీరో కామెడీ ట్రాక్‌ను ఏ తండ్రీ కత్తిరించడు. పైగా అందులోని డైలాగులు పిల్లాడు అప్పజెబితే చుట్టాల ముందు మళ్లీ చెప్పిస్తాం. కోస్తున్నది పిల్లలకు చెడ్డదా, లేక పెద్దవాళ్లకు ఇబ్బందిగా ఉన్నదా? చాలాసార్లు రెండోదే. ఆ ముద్దు సీను వచ్చినప్పుడు దాటేయకుండా రెండు మాటలు మాట్లాడగలిగితే ఇంకా మంచిదని మా అభిప్రాయం. కానీ తాతగారు పక్కనుండగా అది ఎంత కష్టమో మాకూ తెలుసు.

ఇంతా చేసి, కోసుకోవడానికి ఇప్పుడు ఇంట్లో కాపీయే మిగలడం లేదు. డీవీడీ షాపులు కనుమరుగయ్యాయి. ఓటీటీలో డౌన్‌లోడ్ చేసుకున్నా సినిమా ఆ యాప్ లోపలే తాళం వేసి ఉంటుంది. 2021 ఐటీ నిబంధనలు యూ/ఏ 13+, ఆపై వయసు వర్గాల సినిమాలకు పేరెంటల్ లాక్ తప్పనిసరి చేశాయి. ఆ లాక్ పనిచేసేది సినిమా మొత్తానికి. రెండు గంటల నలభై నిమిషాల్లో ఇబ్బంది పెట్టే మూడు నిమిషాలకు అది ఎందుకూ కొరగాదు. చూస్తే అంతా చూడాలి, లేదంటే అసలు మానేయాలి.

నిజానికి ఇంట్లోవాళ్లు అంత కష్టపడి తయారు చేసుకునే కాపీ నిర్మాత దగ్గర చాలాసార్లు ముందే ఉంటుంది. ‘ఏ’ సర్టిఫికెట్ సినిమాను టీవీలో వేయాలంటే మళ్లీ సెన్సార్‌కు వెళ్లాల్సిందే. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం దీన్ని సూటిగానే రాసింది: ‘ఏ’, ‘ఎస్’ (ప్రత్యేక వర్గాలవారికి మాత్రమే చూపించే) సినిమాలకు టీవీ ప్రదర్శన కోసం విడిగా సర్టిఫికెట్ కావాలి, అవసరమైన చోట్ల కత్తిరింపులు, మార్పులు బోర్డు చెప్పవచ్చు. అంటే సినిమా తీసినవాళ్ల చేతిమీదుగానే, కథ తెగకుండా అతికిన కాపీ ఒకటి తయారవుతుంది. శాటిలైట్ చానల్‌కు వెళ్లి, ప్రకటనల మధ్య నాలుగుసార్లు ఆడి, తర్వాత హార్డ్‌డిస్కులో పడి ఉంటుంది.

దాన్ని ఓటీటీలో అసలు సినిమా పక్కనే పెట్టమని అడుగుతున్నాం. పక్కన పెట్టమంటున్నాం, దాని స్థానంలో కాదు. పెద్దవాళ్లు పూర్తి సినిమా చూసే హక్కును ఎవరి కుటుంబం పేరు చెప్పీ లాక్కోకూడదు. కోసిన కాపీ ఒక్కటే అందరి నెత్తిన రుద్దితే ఈ సంపాదకీయం వెనక్కి తీసుకుంటాం. ఇది ప్రభుత్వం ఆదేశించాల్సినంత పెద్ద విషయం కూడా కాదు, ఫిల్మ్ చాంబర్‌లో నిర్మాతలు ఒక పూట కూర్చుంటే తేలే పని. ఆడియో మెనూలో తెలుగు, తమిళం, హిందీ, కన్నడ, మలయాళం అని ఐదు వరుసలు ఇప్పటికే కనిపిస్తున్నాయి. వాటి కింద ‘టీవీ వెర్షన్’ అని ఇంకో వరుసకు చోటుంది.