బిల్లు చూడకుండా సోలార్ అంటగడతారా?

ఇంటికి సోలార్ పెడతామని వచ్చే ఏజెంటు ముందుగా అడగాల్సింది గత 12 నెలల కరెంటు బిల్లులు. అడుగుతున్నది ఆధార్, బ్యాంకు పాస్‌బుక్. ఆ ఇంట్లో ఏసీ ఉందా, నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి, డాబా మీద మధ్యాహ్నం నీడ ఎటు పడుతుంది అన్నది ఎవరికీ పట్టదు. ఏ ఇంటికైనా ఒకటే మందు: 3 కిలోవాట్లు. ఇళ్ల సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు వచ్చి, 78 వేల దగ్గర ఆగిపోతుంది. అందుకే ఆ అంకె. సబ్సిడీ ఎక్కడ ఆగుతుందో చూసి సైజు ఖరారు చేస్తున్నారు తప్ప ఇంటి వాడకం చూసి కాదు.

సౌరవిద్యుత్ దేశానికి అవసరమే, బొగ్గు మీద భారం తగ్గాల్సిందే. ఆ మాట చెప్పి మధ్యతరగతి ఇంటికి దాని అవసరానికి మించిన అప్పు అంటగట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేం.

లెక్క చూద్దాం. 3 కిలోవాట్ల వ్యవస్థకు ఊరిని బట్టి, సరుకును బట్టి 1.8 నుంచి 2.1 లక్షలు అవుతోంది. 1.95 లక్షలు అనుకుంటే సబ్సిడీ పోను 1.17 లక్షలు. కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు లెక్కగట్టి, దుమ్ము, మబ్బు, వేడి వల్ల పోయేది తీసేస్తే నెలకు 330 యూనిట్లు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 150 యూనిట్లు వాడే ఇల్లు, సర్‌చార్జీలు, స్థిర చార్జీలు పక్కనపెడితే, శ్లాబుల ప్రకారం కట్టేది 567 రూపాయలు. అదంతా మిగిలినా ఏడాదికి 6,804. పెట్టుబడి వెనక్కి రావడానికి 17 ఏళ్లు! 1.17 లక్షలు 6 శాతం వడ్డీకి పదేళ్లకు అప్పు తెస్తే నెల వాయిదా దాదాపు 1,300. మిగులు 180 యూనిట్లకు కరెంటు పంపిణీ సంస్థ డిస్కం డబ్బిస్తుంది కదా అంటారు. ఆ ధర మనం కట్టే పై శ్లాబు ధర కాదు. విద్యుత్ నియంత్రణ మండలి విడిగా నిర్ణయించేది, రేపు మారగలిగేది. దాన్ని పదేళ్ల అప్పుకు పూచీగా చూపించడం మోసం.

అదే వ్యవస్థ తెలంగాణలో నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి బంగారం. 200 దాటిన ఇంటికి తొలి 200 యూనిట్లకు 5.10, తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9 రూపాయలు. మొత్తం 2,690. సోలార్ 330 యూనిట్లు తీసేస్తే మిగిలే 70 యూనిట్లకు కట్టేది 160. నెలకు 2,500 మిగులుతుంది, నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. ఇలాంటి ఇళ్లు ఆలోచించకుండా పెట్టించుకోవచ్చు. ఇక తెలంగాణ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న ఇంటికి బిల్లులో ప్యానెల్ మిగిల్చేది ఏమీ లేదు. ఆ ఇంటి తలుపూ తడుతున్నారు.

ఏ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో ఏజెంటుకు తెలియకపోవచ్చు. డిస్కంకు తెలుసు. ప్రతి సర్వీసు నంబరు కింద నెలనెలా రీడింగు డిస్కం కంప్యూటర్లోనే ఉంది. దరఖాస్తు దాని చేతుల మీదుగానే పోతుంది, ఇంటికి వచ్చే కరెంటునూ, ఇంటి నుంచి పోయే కరెంటునూ కొలిచే నెట్ మీటరు బిగించేదీ అదే. అయినా 'మీ వాడకానికి 1.5 కిలోవాట్లు చాలు' అని ఒక్క ముక్క రాయదు. కేంద్రానికి 2026-27 నాటికి కోటి ఇళ్ల లక్ష్యం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి నియోజకవర్గానికి 10 వేల ఇళ్ల లక్ష్యం. లక్ష్యాల పట్టిక నిండితే చాలు, ఆ ఇల్లు వాయిదా కట్టగలదా లేదా అన్నది ఎవరి పట్టికలోనూ లేదు.

చెప్పకుండా దాచేవి ఇంకా ఉన్నాయి. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం, ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగేలా చేసిన ఏర్పాటది. కోత వేళ ఫ్యాను తిరగాలంటే బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి, దాని ఖర్చు వేరు. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన ప్రతి డిగ్రీకి ఉత్పత్తిలో దాదాపు 0.35 శాతం పోతుంది. మే నెలలో రెంటచింతల డాబా మీద ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం అక్కడే పోయినట్టు. ఆరు ప్యానెళ్లు ఒకే వరసలో కలిపితే నీళ్ల ట్యాంకు నీడ ఒక్కదాని మీద పడినా మిగతా వాటి ఉత్పత్తీ దెబ్బతింటుంది. ట్యాంకుకు దక్షిణంగా, 15 డిగ్రీల వాలుతో పెట్టమని అడగాలి. కిలోవాటుకు నడిచే దారితో కలిపి 100 చదరపు అడుగులు వదలాలి.

బిగింపులో జరిగే దగా వేరు. కరిగిన జింకులో ముంచి పూత వేసిన స్టాండు అని కొటేషన్‌లో రాసి, రంగు పూసిన ఇనుప పైపులు తెస్తారు. కోస్తాలో ఉప్పు గాలికి అవి త్వరగానే తుప్పు పడతాయి, తుపాను గాలికి లేచిపోతాయి. డాబా కప్పుకు నేరుగా రంధ్రాలు వేస్తే మరుసటి వానకే కింద గదిలో చెమ్మ దిగుతుంది. కాంక్రీటు దిమ్మెలు పోసి వాటికి బోల్టులు వేయాలి. ఇంటివైపు ఏసీ కరెంటు, ప్యానెల్ వైపు డీసీ కరెంటు, పిడుగు నిరోధకం ఈ మూడింటికి మూడు ఎర్త్ గుంతలు ఉండాలి. ఒకే గుంతలో మూడు తీగలూ దించి బిల్లు మూడింటికీ వేస్తున్నారు. ఇన్వర్టర్‌ను ఎండలో తగిలిస్తే వేడెక్కి ఉత్పత్తి తగ్గించుకుంటుంది. ప్యానెళ్లకు 25 ఏళ్ల హామీ అంటారు, ఇన్వర్టర్‌కు అంత ఉండదు. పదేళ్ల తర్వాత కొత్తది కొనే ఖర్చు ఏ కరపత్రంలోనూ కనపడదు. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే అద్దం మీద తెల్లటి పొర కడుతుంది. పదిహేను రోజులకోసారి ఎండ ఎక్కకముందే మంచినీళ్లతో మెత్తగా తుడవాలి. ఈ మాట చెప్పే బాధ్యత ఎవరిది?

సబ్సిడీ కూడా ముందుగా చేతికి రాదు. వ్యవస్థ పనిచేయడం మొదలై, తనిఖీ పూర్తయ్యాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. దేశీయంగా తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్లకే అది వర్తిస్తుంది. ఏజెంటు చౌకరకం దింపితే పైసా రాదు, కాబట్టి సీరియల్ నంబర్లు ఇన్‌వాయిస్‌తో సరిచూడాలి. ఇక కరెంటు మీటరు చనిపోయిన తండ్రి పేరు మీదే ఉండి, బ్యాంకు ఖాతా కొడుకు పేరు మీద ఉన్న ఇళ్లు ఊరూరా ఉన్నాయి. పేరు మార్చుకోకుండా దరఖాస్తు పెడితే డబ్బు ఇరుక్కుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. కొటేషన్లు ఆ మేరకు దిగాయో లేదో చూడాల్సిన అధికారులు ఎక్కడున్నారు?

డిస్కంల దగ్గరే బిల్లులుండగా ఇంటివాళ్లను ఏజెంట్ల దయకు వదిలేయడమే అసలు తప్పు. ఒక్క ఉత్తర్వు చాలు. దరఖాస్తు మీద వినియోగదారు సంతకం పడేలోగా గత 12 నెలల వాడకం, సరిపోయే కిలోవాట్లు, ఏటా మిగిలే సొమ్ము, పెట్టుబడి తిరిగొచ్చే ఏళ్లు తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ కాగితం లేనిదే బ్యాంకు అప్పు మంజూరు చేయకూడదు. ఇందుకు కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. బిల్లు బకాయి పడితే ఫ్యూజు పీకడానికి సర్వీసు నంబరు నిమిషంలో వెతికి పట్టుకునే అధికారులకు, అదే నంబరు కింద ఉన్న వాడకం ఇంతకాలం కనపడలేదంటే ఎవరూ నమ్మరు.