మాట్లాడితే బోర్డు మీద పేరు

జూన్ వచ్చింది, సెక్షన్లు విడగొట్టే తంతు మళ్ళీ మొదలైంది. చేరి వారం తిరక్కుండా ఒక టెస్టు పెట్టడం, మార్కుల జాబితా చూసి పైవాళ్ళని ఒక గదికి, కిందివాళ్ళని ఇంకో గదికి తోలడం. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా వేరు చేయొద్దని 2025 జూలై 25నే సుప్రీంకోర్టు చెప్పింది. అదీ ఎక్కడిదో కేసులో కాదు, విశాఖలో నీట్‌కి చదువుతూ ప్రాణం పోగొట్టుకున్న పదిహేడేళ్ళ అమ్మాయి కేసులో. ఆ ఆదేశాన్ని పట్టించుకునే నాథుడు మన దగ్గరే లేడు.

ఒత్తిడి గురించి ఇదివరకే చాలాసార్లు రాశాం. ఈసారి చెప్పేది వేరే. ఈ విభజన చదువుకే చేటు, అందులోనూ టాపర్ చదువుకి.

పైకి విసిరిన బంతి చిట్టచివరి ఎత్తులో ఉన్నప్పుడు వేగం సున్నా, మరి త్వరణం ఎందుకు సున్నా కాదు? టాపర్ కళ్ళు మూసుకుని సరైన ఆప్షన్ పెట్టేస్తాడు. అదే ప్రశ్న పక్క బెంచీవాడు 'ఎందుకురా?' అని అడిగితే మాత్రం నీళ్ళు నములుతాడు. కాసేపు తల గోక్కుని, చేతిలో రబ్బరు పైకి ఎగరేసి, 'త్వరణం కూడా సున్నా అయితే ఇది అక్కడే గాల్లో ఆగిపోవాలి కదరా' అంటాడు. ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణంలోనే వాడికీ అసలు సంగతి అర్థమవుతుంది. మార్కులు తక్కువ వచ్చాయని ఆ అడిగేవాణ్ణి పై అంతస్తుకి పంపేశాక, టాపర్‌ని 'ఎందుకు' అని నిలదీసేవాడెవడు?

ఇదేమన్నా కొత్త సంగతా? 1823లో బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ (తెలుగు వ్యాకరణం రాసిన దొర ఈయనే, ఇప్పటి అనంతపురం అప్పుడు ఆ జిల్లాలోదే) మన వీధి బడుల గురించి ప్రభుత్వానికి నివేదిక రాశాడు. ముందున్న పిల్లలు వెనకున్నవాళ్ళకి చెబుతూ తమకు తెలిసింది గట్టిపరుచుకుంటున్నారని, ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం సబబేనని మెచ్చుకున్నాడు. అంతకుముందే మద్రాసు ఎగ్మూరు అనాథ బడిలో ఆండ్రూ బెల్ దీన్ని అమలుచేసి, 1797లో లండన్‌లో పుస్తకం వేస్తే, అది 'మద్రాసు పద్ధతి' పేరుతో అక్కడ బళ్ళకెక్కింది.

ఆ బడిలో పెద్ద పిల్లాడి పని చిన్నవాళ్ళకి చెప్పడం. ఇవాళ మన క్లాస్ లీడర్ పనేమిటి? సార్ బయటికెళితే సుద్దముక్క పట్టుకుని మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం! స్టడీ అవర్లో పక్కవాణ్ణి డౌటు అడిగినా తప్పే.

కాగితం మీద మాత్రం అందరూ బుద్ధిమంతులే. తోటి విద్యార్థికి చెప్పడం వల్ల నేర్చుకునేవాడికే కాదు, చెప్పేవాడికీ మేలని 2020 జాతీయ విద్యా విధానంలో రాసుకున్నారు. కోర్టుకి సరేనంటారు, విధానానికి జై కొడతారు, మర్నాడు మళ్ళీ జాబితా అంటిస్తారు. సెక్షన్‌కి పేరు మార్చి పూలదో నదిదో తగిలిస్తే వివక్ష కాకుండా పోతుందా? ఈ రెండు నాల్కల ధోరణే మాకు కంపరం పుట్టిస్తోంది.

పక్కవాడికి చెబుతూ కూర్చుంటే మా వాడు వెనకబడతాడని తల్లిదండ్రులు భయపడతారు, లక్షల ఫీజు కట్టినవాళ్ళకి అది సహజమే. కానీ చెప్పలేనిది వచ్చినట్టు కాదు కదా, ఆ లోటేదో పరీక్ష హాల్లో బయటపడటం కన్నా పక్క బెంచీ దగ్గర బయటపడటం నయం. అలాగని పిల్లలే చెప్పుకుంటున్నారన్న సాకుతో ప్రభుత్వాలు టీచర్ పోస్టులు ఖాళీగా ఉంచుతామంటే కుదరదు. ఇంగ్లండులో వందలమందికి ఒక్క మాస్టారితో సరిపెట్టి ఆ పద్ధతిని చెడగొట్టుకున్నది అలాగే.

తనిఖీకి వెళ్ళే అధికారులూ, ప్రిన్సిపాల్ గదిలో టీ తాగి ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి వచ్చేయకండి. ఏదో ఒక క్లాసులోకి చెప్పకుండా వెళ్ళి బోర్డు వైపు చూడండి. ఓ మూల పేర్లు రాసి ఉంటాయి. ఏం మాట్లాడుకున్నారని ఆ పిల్లల్ని అడగండి.