పులికాట్ అడుసుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ పులికాట్ సరస్సు అడుసు వారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఇక్కడ నేను క్షేమం, నా కుడి చెప్పు క్షేమం. ఎడమ చెప్పు క్షేమసమాచారం తమరే తెలియజేయాలి, ఎందుకంటే మొన్న ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి అది తమ దగ్గరే ఉంది.

సూళ్లూరుపేట నుంచి సరస్సును చీల్చుకుంటూ శ్రీహరికోటకు పోయే రోడ్డు మీద నేను బండి ఆపేసరికి, రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, ఎక్కడో దూరాన గులాబీరంగు గీతలా ఉన్నాయి. "రోడ్డు పక్కనే మేస్తుంటాయి" అని ఫోనులో ఊరించిన మిత్రుడికి వేరే ఉత్తరం రాస్తాను. బైనాక్యులర్స్ పెట్టుకుంటే ఎండకు గాలి తెరలుతెరలుగా లేచి, వందల పక్షులూ కలిసి వణుకుతున్న ఒకే పక్షిలా కనిపించాయి. వెనక ఆగిన కారులోంచి సినిమా పాట హోరు. ఇవన్నీ క్షమించాను.

తమరిని క్షమించలేను, ఎందుకంటే తమరు మాట ఇచ్చి తప్పారు. పైన తెల్లగా ఉప్పు పూసి, అప్పడాల్లాంటి పెచ్చులు కట్టి, వాటి మీద మేక నడిచి వెళ్లిన గిట్టల గుర్తులు కూడా చూపించి, "మేకను మోసినదాన్ని, నిన్ను మొయ్యలేనా" అన్నట్టు పడుకుని ఉన్నారు. ఇరవై అడుగులు నిజంగానే మోశారు. ఇరవై ఒకటో అడుగుకు పెచ్చు విరిగి, కింద కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే నల్లటి రొంపి నా ఎడమ కాలిని పిక్క దాకా పట్టుకుంది. దాన్ని లాగబోతే కుడి కాలు దిగింది. చివరికి 'గుబుక్' మంటూ ఎడమ కాలు వచ్చింది, చెప్పు రాలేదు. ఆ చప్పుడు అచ్చం విందు ముగించినవాడి త్రేన్పులా ఉంది. మోచెయ్యి దాకా దించి వెతికితే రెండు గుల్లలు దొరికాయి. అల్లంత దూరాన వల భుజాన వేసుకుని పోతున్న పెద్దాయన ఒకరు "నిలబడమాకండి సార్, నిలబడితే దిగిపోతారు" అని అరిచి, తాను మాత్రం అరిటాకు మీద నెయ్యిలా జారుకుంటూ వెళ్లిపోయారు.

అడుసు తొక్కనేల అంటారా? కాలు కడుగుదామన్నా ఆ చుట్టుపక్కల మంచినీళ్లేవి? దగ్గర్లోనే ఉన్న నేలపట్టు పక్షుల కేంద్రం గూడబాతులు ఎంత మర్యాదస్తులు! కడప అనే రకం చెట్ల మీద గూళ్లు పెట్టుకుని కట్ట మీద నడిచేవాడికి హాయిగా కనిపిస్తాయి, చెప్పులు అడగవు. చిలికా తర్వాత దేశంలో ఇంతటి ఉప్పునీటి సరస్సు లేదని పేరు మోసిన నీకు, ఒంటి చెప్పు దేనికే? మూడు కిలోల రాజహంస తోలుపొర పాదాలతో నీ నెత్తిన నిలబడి, తల తలకిందులుగా పెట్టి, నాలుకతో నీళ్లు తోడి ముక్కులోని జల్లెడతో వడకట్టుకుని నీ పురుగూ పాచీ తింటే, ఆ తిండిలోంచే దానికి గులాబీరంగు ఇస్తావు. ముప్ఫై గ్రాములైనా తూగని చిన్న ఉల్లంకి పిట్ట ఉత్తర ధ్రువం దాపు నుంచి ఎగిరొస్తే పరుగులు తీయనిస్తావు. 82 కిలోల నాకు మాత్రం రొంపి!

నిజమే, నన్ను రానిస్తే నా వెనక ఆ పాట వచ్చేది, పాట వెనక చిప్సు పొట్లాలు వచ్చేవి. ఎండాకాలంలో తమ సంగతి నాకు తెలియనిది కాదు. సముద్రం వైపు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోయి, నీళ్లు అందక తమరు నెర్రెలు విచ్చి రాయిలా గట్టిపడతారు. అప్పుడు నేను నిక్షేపంగా బూట్లేసుకుని మధ్య దాకా నడిచి రావచ్చు, కానీ చూడటానికి అక్కడ ఒక్క రాజహంస ఉండదు.

అందుచేత చెప్పు తమరే ఉంచుకోండి. జత కావాలంటే కుడిది వచ్చే సంక్రాంతికి తెచ్చి, రోడ్డు మీద నుంచే విసురుతాను. నా ప్యాంటు మడతల్లోంచి తమరు ఇంకా ఇల్లంతా రాలుతూనే ఉన్నారని, దీని గురించి తమరితో నేరుగా మాట్లాడాలని ఉందని మా ఆవిడ చెప్పమంది.

ఇట్లు,
రోడ్డు దాకా కుంటుకుంటూ వచ్చినవాడు